ధూళి దర్శనం

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతమైనా, పిల్లవాడి అన్నప్రాశనైనా, ఆచమనం కాగానే పురోహితుడుగారు సంకల్పం ఎత్తుకుంటారు. సంకల్పమంటే మరేమీ కాదు, ఫలానావాడు ఫలానాచోట, ఫలానావేళ ఈ పని చేయబోతున్నాడని దేవుడికి విన్నవించుకోవడం. అందులో చిరునామాకు పెద్దపీట. జంబూద్వీపం దగ్గర మొదలుపెట్టి, భరతవర్షం, భరతఖండం అంటూ ఒక్కొక్క మెట్టే దిగివచ్చి, చివరకు 'శ్రీశైలస్య' అని, మేమున్న ఊరు ఆ కొండకు ఏ దిక్కున ఉందో అది కలుపుతారు. ఇంటి యజమాని గోత్రమూ, పేరూ ఆ తరవాతే.

చిన్నప్పుడు కర్నూల్లో ఉండగా మా పురోహితుడుగారు 'పశ్చిమ' అనేవారు. ఉద్యోగం పుణ్యమా అని విజయవాడ వచ్చి కాపురం పెట్టాక ఇక్కడివారు 'ఈశాన్య' అన్నారు. మొదటిసారి ఆ మాట చెవినపడ్డప్పుడు పీటమీద కూర్చున్నవాణ్ణి ఉలిక్కిపడ్డాను. ఊరు మారింది, ఇల్లు మారింది, చివరికి దేవుడి దగ్గర నా చిరునామా కూడా మారిపోయిందన్నమాట! మారకుండా ఉన్నచోటనే ఉన్నది ఆ కొండ ఒక్కటే.

తపాలాశాఖవారు 1972లో పిన్‌కోడు పెట్టి, దేశంలో ప్రతి ఊరికీ ఆరంకెలు కేటాయించినప్పుడు అందరూ అబ్బో అన్నారు. మన పెద్దవాళ్ళు అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచీ ఒక్క పర్వతాన్ని నడుమ నిలబెట్టి, దాని చుట్టూ తెలుగు ఊళ్ళన్నిటికీ దిక్కులు పంచిపెట్టుకున్నారు. చిత్రమేమిటంటే, ఈ గౌరవం ఏ రాజధానికీ దక్కలేదు. ఓరుగల్లు వెలిగింది, కొండవీడు వెలిగింది, గోలకొండ వెలిగింది. ఎవరి వైభవం ఎంతైనా 'ఓరుగల్లుకు ఆగ్నేయాన ఉన్న నేను' అని ఏ గృహస్థూ పూజలో చెప్పుకోలేదు. రాజులు పోతారు, కొండ ఎక్కడికీ పోదు అన్న సంగతి పురోహితులకు బాగా తెలుసు కాబోలు.

ఈ కొండను మా అవ్వ ఏనాడూ శ్రీశైలం అనలేదు. ఆమెకు అది 'పర్వతం'. పేరు అక్కర్లేని పర్వతం. "పర్వతానికి పోయినప్పుడు" అని మొదలుపెట్టిందంటే ఇక మాకు ఆ రాత్రికి కథ దొరికినట్టే. బస్సులు లేని రోజుల్లో, పెళ్ళయిన కొత్తల్లో ఆమె ఉగాదికి పర్వతం పోయింది. ఆత్మకూరుదాకా ఎడ్లబండి. అక్కణ్ణుంచి అడవి, కాలినడక. మూటలో సజ్జరొట్టెలు, బుడ్డల పొడి, బెల్లం. రాత్రిపూట చుట్టూ మంటలు వేసుకుని, నడుమ ఆడవాళ్ళనూ పిల్లలనూ పడుకోబెట్టేవారట. విల్లంబులు పట్టుకుని చెంచులు తోడు వచ్చేవారట. పులి గాండ్రింపు విన్నావా అవ్వా అని మేము అడిగితే, "విన్నాం. అదీ మల్లయ్యనే పిలుస్తాండె" అనేది. మాకు ఒళ్ళు జలదరించేది.

1974లో, కాలేజీ చదువు ముగించిన ఏడు, నేనూ శ్రీశైలం వెళ్ళాను. నలుగురు స్నేహితులం, ఆర్టీసీ బస్సు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా ఘాట్‌రోడ్డు. శిఖరేశ్వరం దగ్గర బస్సు ఆపితే అందరితోపాటు దిగి, నంది ముందు నువ్వులు చల్లి, కొమ్ముల మధ్యనుంచి దూరాన గుడి శిఖరం కోసం వెదికాను. ఆ శిఖరం చూస్తే మళ్ళీ పుట్టుక లేదని నమ్మకం. నాకు కనిపించిందో లేదో ఈనాటికీ గట్టిగా చెప్పలేను. వెనకవాడు తొందరపెట్టాడు. గుడిలో దర్శనమైంది, పాతాళగంగ చూశాం, మర్నాడు సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం. ప్రసాదం తీసుకుని అవ్వ కళ్ళకద్దుకుంది. అద్దుకుని, నన్ను నెత్తినుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది.

"బస్సులో పోతివి, బస్సులో వస్తివి. కాలికి దుమ్మన్నా తగిలెనా? గుడి చూసినావు గాని, పర్వతం పోలేదు రా నువ్వు."

అప్పుడు నవ్వాను. చాదస్తం అనుకున్నాను. కాని ఆ మాట ముల్లులాగా లోపల ఎక్కడో ఉండిపోయింది. గుడి వేరు, పర్వతం వేరూనా? కొండమీద గుడి ఉంది గనుక కొండ పవిత్రమైందా, కొండ పవిత్రం గనుక గుడి వచ్చిందా? ఆ తరవాత ఎన్నో ఏళ్ళపాటు చరిత్ర పుస్తకాలు తిరగేసినప్పుడల్లా ఈ ప్రశ్నకే సమాధానం వెదుక్కున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పుస్తకాలన్నీ మా అవ్వ పక్షమే వహించాయి.

నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. క్రీస్తుశకం రెండో శతాబ్దం నాటిది. తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏయే పర్వతాలకు ప్రభువో ఆ తల్లి మురిసిపోతూ చెప్పించింది. వింధ్య, సహ్య, మలయ, మహేంద్రాలతోపాటు ఆ వరసలో 'సిరిటన' అని ఒక కొండ ఉంది. అది మన శ్రీపర్వతమేనని చరిత్రకారులు చాలామంది భావించారు. చూశారా, అక్కడ గుడి ఊసు లేదు, మల్లికార్జునుడి ఊసు లేదు. ఉన్నది కొండ ఒక్కటే.

మరో నూరేళ్ళు దాటితే ఇక్ష్వాకులు. కృష్ణ ఒడ్డున విజయపురి వారి రాజధాని. ఇప్పుడు నాగార్జునకొండ అంటున్నామే, ఆ లోయ. అక్కడి బౌద్ధ శాసనాల్లో 'సిరిపవత' అన్న పేరు కనిపిస్తుంది. బోధిసిరి అనే ఉపాసిక తాను కట్టించిన చైత్యం ఎక్కడుందో చెబుతూ, శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పు దిక్కున అని రాయించింది. కొండ పేరు, దిక్కు పేరు! ఈనాటి మన సంకల్పంలాగే లేదూ? ఆ రోజుల్లో శ్రీపర్వతమంటే ఒక్క శిఖరం కాదనీ, ఈ నల్లమల కొండల వరస అంతటికీ ఆ పేరుండేదనీ తోస్తుంది. పురాణాలైతే ఇక్ష్వాకులను వంశం పేరుతో కూడా పిలవలేదు. 'శ్రీపర్వతీయులు' అని ఊరుకున్నాయి. మన పల్లెల్లో 'ఆ కొండకిందివాళ్ళు' అంటామే, అట్లా అన్నమాట. ఆచార్య నాగార్జునుడు చివరి దశ శ్రీపర్వతం మీదనే గడిపాడని బౌద్ధుల సంప్రదాయం.

బౌద్ధం సన్నగిల్లింది. కొండకు ఏమీ కాలేదు. కదంబ మయూరశర్మ శ్రీపర్వత ద్వారాలదాకా వ్యాపించిన అడవిని గుప్పిట్లో పెట్టుకున్నాడని తాళగుంద శాసనం చెబుతుంది. విష్ణుకుండి రాజులు తమ శాసనాల్లో శ్రీపర్వతస్వామి పాదాలను ధ్యానించేవాళ్ళమని చెప్పుకున్నారు. స్వామి పేరు ప్రత్యేకంగా చెప్పలేదు చూడండి, పర్వతానికి స్వామి, అంతే. భవభూతి మాలతీమాధవ నాటకంలో ఈ కొండ కాపాలికుల నెలవు, మంత్రసిద్ధులు దొరికే చోటు. ఉత్తరాదిన ఉన్న కవికి దక్షిణాదిన ఉన్న ఈ కొండ పేరు చెబితే చాలు, చదివేవాడికి ఒళ్ళు గగుర్పొడుస్తుందన్న ధీమా ఉందన్నమాట. ఆ తరవాత కాలాముఖులు వచ్చారు. ఇక్కడి మల్లికార్జున శిలామఠానికి చెందిన రామేశ్వర పండితుడు తొలి కాకతీయులకు గురువు. పన్నెండో శతాబ్దంలో వీరశైవం ఉప్పెనలా లేచింది. మల్లికార్జున పండితారాధ్యుడికి ఇదే కైలాసం. కన్నడదేశంలో ఉడుతడినుంచి బయలుదేరిన అక్కమహాదేవి, కళ్యాణంలో శరణుల నడుమ కొన్నాళ్ళుండి, చివరకు తన చెన్నమల్లికార్జునుణ్ణి వెదుక్కుంటూ ఈ కొండకే వచ్చింది. ఇక్కడి కదళీవనంలో ఆయనలో కలిసిపోయిందని భక్తుల విశ్వాసం.

బౌద్ధులు, కాపాలికులు, కాలాముఖులు, వీరశైవులు, స్మార్తులు, ఒకరి మాట ఒకరికి సరిపడనివాళ్ళు. వాదాలకు దిగినవాళ్ళు, తన్నుకున్నవాళ్ళు కూడా. కాని కొండ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకే మాట. ఇది మామూలు చోటు కాదు. వచ్చినవాడల్లా కొండ మహిమను కొత్తగా కనిపెట్టలేదు. అప్పటికే ఉన్న మహిమకు తన దేవుడి పేరు పెట్టుకున్నాడు. అందుకనే అనుకుంటాను, పేర్లు ఎన్ని మారినా జనం నోట 'పర్వతం' అన్న మాట మారలేదు. 13వ శతాబ్దం నాటి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలానికి కేటాయించిన భాగం పేరు పర్వత ప్రకరణం. ఆ రోజుల్లో జనం పాడుకునే పాటల జాబితా ఒకటి ఆయన ఇచ్చాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలతోపాటు అందులో 'పర్వత పదాలు' కూడా ఉన్నాయి. 1794లో కెప్టెన్ మెకంజీ అనే దొర, తరవాత భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు, ఇక్కడికి వచ్చి చూసి రాసిన వ్యాసం పేరులో కూడా శ్రీశైలం లేదు. తన యాసలో 'పర్వత్తం' అని రాసుకున్నాడు. దారిలో ఏ మా అవ్వలాంటి మనిషో చెప్పి ఉంటుంది!

సరే, కొండ గొప్పదే. మరి నడక మాటేమిటి?

అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దం మొదటి సగంలో శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆ కీర్తి ఆయనకు యుద్ధాల్లో గెలిచిన కీర్తి కన్నా ఎక్కువకాలం నిలిచింది. 1393లో విజయనగర రాజు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. 16వ శతాబ్దం మొదట్లో కృష్ణదేవరాయలు రథవీధికి మండపాలు కట్టించాడు. రాజులు ఈ కొండకు చేసిన సేవ ఎక్కువగా కాళ్ళకు సంబంధించినదే. ఎక్కేవాడికి మెట్టు, అలిసినవాడికి మండపం.

ఇక్కడ నాలోని బస్సు ప్రయాణికుడు మా అవ్వతో చిన్న పేచీ పెట్టుకున్నాడు. వేమారెడ్డి మెట్లు కట్టించిన ఏడు, ఏ ముసలమ్మో తన మనవణ్ణి కూర్చోబెట్టి, "మెట్లెక్కి పోతివి, మెట్లెక్కి వస్తివి. మోకాలికి రాయన్నా తగిలెనా?" అని దెప్పి ఉండదా? మెట్టు కూడా సుఖమే కదా. ఆరువందల ఏళ్ళ కిందట మెట్టు వచ్చింది, మా కాలానికి బస్సు వచ్చింది. తేడా ఏమిటి?

తేడా తెలియాలంటే ఈ కొండమీద మనుషులు ఏం కోరుకున్నారో తెలియాలి. కొందరు కోరుకున్నది తలుచుకుంటే భయం వేస్తుంది. 1377లో రెడ్డిరాజు అనవేమారెడ్డి ఇక్కడ వీరశిరోమండపం కట్టించాడు. భక్తి ముదిరిన వీరులు అక్కడ తమ నాలుకలనూ, తలలనూ తామే కోసి స్వామికి అర్పించుకునేవారట. 1677లో గోలకొండలో తానాషాను కలుసుకుని దక్షిణానికి పోతూ ఛత్రపతి శివాజీ సైన్యాన్ని పక్కనబెట్టి ఈ కొండ ఎక్కాడు. ఇక్కడి ప్రశాంతికి ఆయన ఎంతగా కరిగిపోయాడంటే, ఇంతకన్నా మంచిచోటు దొరకదని తన తలనే అర్పించుకోబోయాడనీ, భవాని ప్రత్యక్షమై వారించిందనీ మరాఠీ బఖరులు చెబుతాయి. కథలో నిజమెంతో పక్కనబెట్టండి. రాజ్యం కోసం జీవితమంతా పోరాడిన మనిషికి, ఒక కొండమీదికి వచ్చేసరికి రాజ్యం తేలికైపోయిందని చెప్పడానికి ఆ కథ పుట్టింది. గుడికి ఉత్తరాన ఉన్న గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురమే అంటారు.

తల ఇవ్వడం వీరుల పని. మనలాంటి సామాన్యులకు మల్లయ్య ఇంకో తేలిక దారి పెట్టాడు. దానిపేరే ధూళి దర్శనం. మామూలుగా ఏ క్షేత్రానికి పోయినా స్నానం చేసి, మడి కట్టుకుని గుడిలోకి పోవాలి. ఇక్కడ ఆనవాయితీ వేరు. అడవులన్నీ నడిచి వచ్చినవాడు ఆ దుమ్ము కాళ్ళతోనే, ఆ చెమట బట్టలతోనే నేరుగా వెళ్ళి స్వామిని చూడవచ్చు. ఎక్కినవాడి కులమేదని చూడకుండా లింగాన్ని ముట్టుకోనివ్వడం ఈ గుడి పాత సంప్రదాయం. నడకే స్నానం, దుమ్మే మడి. ఎంత మర్యాద తెలిసిన దేవుడో చూడండి, దూరంనుంచి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి కాళ్ళు కడుక్కోమనడు. ముందు లోపలికి రమ్మంటాడు.

చుట్టరికమంటే గుర్తుకొచ్చింది. మల్లయ్యకు అత్తవారిళ్ళు రెండు. చెంచులు తమ పిల్లను పెళ్ళాడాడు గనుక ఆయన తమ అల్లుడేనంటారు, చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. కన్నడ భక్తులు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, కాబట్టి అల్లుడు తమవాడే అంటారు. ఉగాదికి పుట్టింటి సారె తెచ్చినట్టు అమ్మవారికి చీరలూ, గాజులూ తెస్తారు. ఇక మన చీరాలవైపు నేతగాడు ఏడాది పొడుగునా రోజుకొక మూర చొప్పున 365 మూరల తలపాగా నేస్తాడు. శివరాత్రినాడు పెళ్ళివేళకు, చిమ్మచీకట్లో, దిగంబరంగా గుడి శిఖరం ఎక్కి నందుల చుట్టూ దాన్ని చుడతాడు. పెళ్ళికొడుకును చేస్తాడన్నమాట. అడవివాడు పిల్లనిచ్చాడు, పొరుగు భాషవాడు సారె తెచ్చాడు, తీరప్రాంతం వాడు తలపాగా కట్టాడు. ఇన్ని దిక్కులను ఒకచోటికి నడిపించడం కొండకు తప్ప ఎవరికి సాధ్యం?

ఆ నడక ఊరికే కూడా కాదు, పన్ను కట్టి మరీ నడిచేవారు. కందనవోలు నవాబులు ఈ యాత్రికుల దగ్గర సుంకం వసూలు చేసేవారు. 1830లో మద్రాసునుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ అడవి దారినే వచ్చి, మజిలీలన్నీ ఓపికగా రాసిపెట్టారు. 1839లో నవాబు పాలన పోయింది. మరుసటి ఏడు దొరతనంవారు గుడిని పుష్పగిరి పీఠానికి అప్పగించారు. 1929లో కమిటీ వచ్చింది, 1949లో దేవాదాయశాఖ వచ్చింది. తరవాత ఘాట్‌రోడ్డు వచ్చింది. 1960లలో మొదలైన ఆనకట్ట 1980లనాటికి కృష్ణను కొండల నడుమ నిలబెట్టేసింది. పాతాళగంగకు మెట్లు దిగలేనివారికి ఇప్పుడు రోప్‌వే ఉంది. ఎవరూ సుంకం అడగరు, టిక్కెట్టు మాత్రమే అడుగుతారు.

1979లో మా అవ్వకు ఎనభై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఒకరోజు తనంతట తానే, "ఒక్కసారి పర్వతం చూపీ రా" అంది. బస్సు తప్ప గతిలేదు. నాకు 1974 నాటి మాట గుర్తుంది, ఆమెకూ గుర్తుందని నాకు తెలుసు. ఇద్దరం ఆ ప్రస్తావన తేలేదు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. శిఖరేశ్వరం దగ్గర బస్సు ఆగింది. చెయ్యిపట్టుకుని దింపాను. అందరూ నంది దగ్గరికి పరుగెత్తుతున్నారు. అవ్వ అటు చూడనే లేదు. రోడ్డుకు ఒక పక్కగా, చెట్టుకింద మెల్లగా కూలబడి, గుప్పెడు ఎర్రమన్ను తీసుకుంది. రెండు పాదాలకూ, వేళ్ళ సందుల్లోకి కూడా, పసుపు రాసుకున్నట్టు శ్రద్ధగా రాసుకుంది.

"ఏందవ్వా ఇది?" అన్నాను.

"దుమ్ము లేకుండా ఎట్ల పోయేది రా మల్లయ్య కాడికి?" అంది.

ఆ మట్టికాళ్ళతోనే గుడిలోకి వెళ్ళింది. దారిలో ఒకరిద్దరు ఈసడింపుగా చూశారు. లింగం మీద చెయ్యి పెట్టి ఆమె ఏమడిగిందో నాకు తెలియదు. బయటికి వచ్చాక ముఖం మాత్రం, పుట్టింటికి పోయివచ్చిన పిల్ల ముఖంలా ఉంది. మరో రెండేళ్ళకు పోయింది.

నా పేచీకి జవాబు ఆనాడే దొరికింది. మెట్టు ఎక్కే శ్రమ తగ్గిస్తుందే గాని కాలికీ కొండకూ సంబంధం తెంచదు. బస్సు ఆ సంబంధాన్నే తెంచేస్తుంది. అయితే తెంచినంతమాత్రాన పోయేది కాదనీ, మోకాళ్ళు లేనివాడు కూడా వంగి గుప్పెడు మన్ను తీసుకుంటే మళ్ళీ కలుపుకోవచ్చనీ అవ్వ చూపించింది. బస్సు లేకపోతే ఎనభై ఏళ్ళ మనిషి అక్కడికి చేరేదే కాదు. కనుక బస్సును తిట్టుకోవలసిన పని లేదు. దిగిన తరవాత మనం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

నాకైతే మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆ సాకు నాకు చెల్లదు. 1990లలో ఒక ఉగాదికి ఆత్మకూరు పక్కన వెంకటాపురంనుంచి కన్నడ యాత్రికులతో కలిసి బయలుదేరాను. ఇదంతా పులుల అభయారణ్యం. పండుగ రోజుల్లో అటవీశాఖవారు ఈ దారిన యాత్రికులను పోనిస్తారు. నాగలూటిలో వీరభద్రుడి పాతగుడి. దాని తరవాత పాతమెట్లు. ఎన్ని తరాల కాళ్ళు తొక్కాయో, రాళ్ళు నడుమ పల్లంపడి నున్నగా ఉన్నాయి. పెద్దచెరువు దగ్గర రాత్రి మకాం. కొందరు మరగాళ్ళు కట్టుకుని నడుస్తున్నారు. నేను రెండు కాళ్ళమీదనే రొప్పుతున్నాను. భీమునికొలను లోయలోకి దిగి, మళ్ళీ నిట్టనిలువుగా ఎక్కాలి. అక్కడ నా పని అయిపోయింది. ఒక రాతిమీద కూలబడితే, తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె ఆగి, "యావ ఊరు?" అంది. కర్నూలన్నాను. మూట విప్పి ఒక జొన్నరొట్టె ముక్క, చిటికెడు కారప్పొడి నా చేతిలో పెట్టి, "మల్లయ్యా" అంటూ పైకి సాగిపోయింది.

ఆధ్యాత్మిక అనుభవం అంటే కళ్ళముందు మెరుపులు మెరుస్తాయేమోనని నేను ఎదురుచూశాను. ఏమీ మెరవలేదు. మొదట మెట్లు లెక్కపెట్టాను, లెక్క తప్పింది. ఆఫీసు సంగతులు ఆలోచించాను, అవీ కాసేపటికి అయిపోయాయి. చివరికి మిగిలింది ముందున్న మెట్టు, దానిమీద పెట్టవలసిన కాలు, అంతే. కైలాసద్వారం చేరేసరికి నేను ఎవరినో, ఏ పదవిలో ఉన్నవాణ్ణో నాకే అంతగా గుర్తులేదు. ఎవరన్నా అడిగి ఉంటే 'కొండెక్కేవాణ్ణి' అని చెప్పేవాణ్ణి కాబోలు. తల కోసుకున్న వీరులకూ, రాజ్యం వదులుకోబోయిన శివాజీకీ దక్కినది ఇదేనని అనే సాహసం నాకు లేదు. వాళ్ళు సముద్రం తాగారు, నాకు ఉద్ధరిణెడు తీర్థం అందింది. నీరు మాత్రం ఆ కొండదే.

గుడి ముందు నిలబడి కిందికి చూసుకున్నాను. మోకాళ్ళదాకా ఎర్రటి దుమ్ము. అవ్వ లేదు చూపించుకోవడానికి.

ఇవాళ మనవళ్ళ పేరుతో ఇంట్లో పూజలు జరుగుతున్నాయి. శ్రీశైలం కర్నూలు జిల్లాలో లేదు, 2022నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. చిన్నవాడు మొన్న వ్రతంలో, "తాతయ్యా, శ్రీశైలస్య అంటే ఏమిటి?" అని అడిగాడు. అది మన ఇంటి చిరునామారా అన్నాను. వాడు సెల్‌ఫోన్‌లో పటం తీసి, ఇల్లూ కొండా రెండూ చూసి, దారి ఎన్ని గంటలో చెప్పేశాడు. కారులో, అనుకోండి. పెద్ద సెలవులకు తీసుకుపోతానని మాటిచ్చాను. శిఖరేశ్వరం దగ్గర కారు ఆపాలి. వాడి కాళ్ళకున్న బూట్లు విప్పించాలి. ఆ తరవాతి పని ఏమిటో మా అవ్వ నాకు చూపించే పోయింది.

పురోహితుడుగారు 'శ్రీశైలస్య' అనగానే చెయ్యి అక్షింతల మీద ఉంటుంది గాని, నా చూపు మాత్రం కాళ్ళమీదికి పోతుంది. పీటమీద కూర్చోబోయేముందు శుభ్రంగా కడుక్కున్న కాళ్ళు. చూస్తే అవ్వ ఏమంటుందో నాకు తెలుసు.